ఆర్ ప్యాకేజీ ఎవరు కట్టారో తెలిస్తే సగం చిక్కు తీరినట్టే

గణాంకాల లెక్కలకూ, చార్టులకూ వాడే ఉచిత ప్రోగ్రామింగ్ భాష ఆర్‌ను లినక్స్‌లో ఎక్కించుకోవడం అయిదు నిమిషాల పని. టెర్మినల్‌లో ‘ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆర్-బేస్’ అని కొడితే చాలు. ఆప్ట్ అంటే డెబియన్, ఉబుంటుల్లో సాఫ్ట్‌వేర్ దించి ఎక్కించే సాధనం. తిప్పలు ఆ తర్వాత మొదలవుతాయి. భీమిలి నుంచి గంగవరం దాకా తీరం మ్యాపు గీయాలనుకున్న పరిశోధక విద్యార్థి ఆర్ లోపల కూర్చుని మ్యాపుల పనికి వాడే ఎస్‌ఎఫ్ అనే ప్యాకేజీ (ఆర్‌కు తగిలించుకునే అదనపు భాగం) అడుగుతాడు. స్క్రీన్ మీద వరుసలు పరుగెడతాయి, చివరికి ‘జీడాల్-కాన్ఫిగ్ కనబడలేదు’ అని ఆగిపోతుంది. పక్క సీట్లో విండోస్ వాడుతున్నవాళ్లకు అదే ప్యాకేజీ నిమిషంలో దిగుతుంది. లినక్స్ మనకు అచ్చిరాదని చాలామంది తేల్చేసుకునేది ఇక్కడే.

ఈ తేడాకు కారణం లినక్స్ లోపం కాదు. ఆర్ ప్యాకేజీలన్నీ నిలవుండే క్రాన్ భాండాగారం విండోస్‌కూ, మ్యాక్‌కూ ముందే కంపైల్ చేసిన (మిషన్ భాషలోకి మార్చిన) బైనరీలు ఇస్తుంది. లినక్స్‌కు మాత్రం సోర్స్ కోడ్ ఇచ్చి ఊరుకుంటుంది. ఎందుకంటే లినక్స్ ఒకటి కాదు. డెబియన్, ఉబుంటు, ఫెడోరా అని ఎన్నో డిస్ట్రిబ్యూషన్లు (రకాలు), ఒక్కోదానిలో ఒక్కో వెర్షన్ లైబ్రరీలు. ఒకచోట కంపైల్ చేసింది ఇంకోచోట నడుస్తుందన్న భరోసా లేదు. కాబట్టి సోర్స్ మన మిషన్ మీదే కంపైల్ కావాలి. దానికి సీ, సీ ప్లస్ ప్లస్, ఫోర్‌ట్రాన్ కంపైలర్లు ఉండాలి, ప్యాకేజీ వాడుకునే ప్రతి లైబ్రరీకీ హెడర్ ఫైళ్లు ఉండాలి. ఎస్‌ఎఫ్ సంగతే తీసుకుంటే జీడాల్, జియోస్, ప్రోజ్, యుడ్‌యూనిట్స్ అనే నాలుగు లైబ్రరీల ‘డెవ్’ ప్యాకేజీలు (ఆ హెడర్లు ఉండేవి) ముందుగా సిస్టమ్‌లో ఉండాలి. ఈ గొడవంతా మన దాకా రాకుండా ముందే కంపైల్ చేసి, పరీక్షించి, సంతకం పెట్టి అందించేవాళ్లు ఆయా డిస్ట్రిబ్యూషన్ల వాలంటీర్లు. విశాఖ ల్యాబుల్లో ఎదురయ్యే ఆర్ సమస్యల్లో అధికభాగం వాళ్ల పనిని పక్కనపెట్టి వేరే దారిన వెళ్లడం వల్లో, రెండు మూడు దారులను కలగలిపేయడం వల్లో పుడతాయి.

ఆర్‌ను ఆక్లండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టారు. క్రాన్ 1997లో వియన్నాలో పుట్టింది. 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. డెబియన్‌లోకి ఆర్ 1990ల చివర్లోనే చేరింది. అక్కడ దాన్ని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్నది డర్క్ ఎడెల్‌బ్యూటెల్. ఆర్ మీద నడిచే అదనపు ప్యాకేజీలను డెబియన్ ఆర్ బృందం చూసుకుంటుంది. డెబియన్ ప్రాజెక్ట్ లీడర్‌గా 2024లో ఎన్నికైన ఆండ్రియాస్ టిల్లే కూడా ఈ బృందంలో ఎన్నో ప్యాకేజీలు కట్టినవారే. క్రాన్‌లో 20,000కు పైగా ప్యాకేజీలుంటే డెబియన్‌లో చేరినవి వెయ్యిని దాటిన కొన్ని వందలు. ఆ మిగతాది ఎందుకు చేరలేదో అర్థం కావాలంటే ప్యాకేజీ కట్టడంలో ఏముందో చూడాలి.

ఆర్ ప్యాకేజీని డెబియన్ ప్యాకేజీగా మార్చే యంత్రాంగం చాలావరకు తయారుగానే ఉంది. డీహెచ్-ఆర్ అనే సాధనం సోర్స్ చదివి ప్యాకేజీ కట్టే సూచనలుండే ‘డెబియన్’ ఫోల్డర్‌ను దానంతట అదే నింపుతుంది. రూల్స్ ఫైలులో ఉండేది రెండు మూడు వరుసలే. ఏ ఆర్ ప్యాకేజీలు ముందు కావాలో డిస్క్రిప్షన్ ఫైలు నుంచి అదే లాక్కుంటుంది. దీనికి మించి విలువైనది ఇంకొకటుంది: డెబియన్ ప్యాకేజీ కట్టే యంత్రాంగం, కంపైలైన ఫైలు ఏ సిస్టమ్ లైబ్రరీలోని ఏ వెర్షన్‌ను తగులుకుని ఉందో కనిపెట్టి, ఆ పేరును డిపెండెన్సీగా, అంటే ముందుగా ఉండాల్సినదిగా, ప్యాకేజీ మీదే రాసిపెడుతుంది. ఈ ఒక్క వరుస ఎంత పని చేస్తుందో స్ట్రింజీ అనే ప్యాకేజీని దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

స్ట్రింజీ పాఠంలోని అక్షరాలను వెతకడం, మార్చడం లాంటి పని చేస్తుంది. టైడీవర్స్ అనే ప్యాకేజీల గుంపు వాడేవాళ్లందరికీ తెలియకుండానే ఇది దిగుతుంది. దీని వెనకాల ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీ ఉంది. ఉబుంటు 22.04లో ఐసీయూ వెర్షన్ 70, 24.04లో 74. ల్యాబ్‌లో ఎవరో 22.04 మీద సుడోతో (అడ్మిన్ హక్కులతో) ఆర్ తెరిచి ‘ఇన్‌స్టాల్ ప్యాకేజెస్’ ద్వారా టైడీవర్స్ వేశారనుకుందాం. అది యూఎస్ఆర్-లోకల్ ఫోల్డర్ కింద అందరికీ ఉమ్మడిగా ఉన్న సైట్-లైబ్రరీలో కూర్చుంటుంది. వేసవి సెలవుల్లో మిషన్లన్నీ 24.04కు మారుస్తారు. పాత ఐసీయూ 70 వెళ్లిపోతుంది. స్ట్రింజీ మాత్రం అక్కడే ఉంటుంది, ఎందుకంటే అది ఉందన్న సంగతే ఆప్ట్‌కు తెలియదు. కాలేజీ తెరిచాక మొదటి క్లాసులోనే ‘లిబ్ ఐసీయూ ఐ18ఎన్ డాట్ ఎస్ఓ డాట్ 70 తెరవలేకపోయాం’ అన్న మాట కనబడుతుంది. అదే స్ట్రింజీని ఆప్ట్ ద్వారా ‘ఆర్-క్రాన్-స్ట్రింజీ’ పేరుతో వేసి ఉంటే, 24.04కు మారేటప్పుడు 74తో కట్టిన కొత్త ప్రతి దానంతటదే వచ్చేది. పాతది వెనకబడిపోయే అవకాశమే ఉండదు.

ఇలా ఇరుక్కున్నప్పుడు చాలామంది ఆప్ట్ ద్వారా మళ్లీ వేసి చూస్తారు. అయినా అదే ఎర్రర్. చిక్కు వెతుకులాట వరుసలో ఉంది. ఆర్ మొదట వాడుకరి హోమ్‌లోని సొంత లైబ్రరీని చూస్తుంది, తర్వాత యూఎస్ఆర్-లోకల్‌ను, ఆ తర్వాతే ఆప్ట్ పెట్టిన యూఎస్ఆర్-లిబ్ కింది సైట్-లైబ్రరీని. ఒకే ప్యాకేజీ రెండు చోట్ల ఉంటే ముందు కనబడిందే లోడవుతుంది. పాడైన పాతది ముందు వరుసలో ఉన్నంతకాలం బాగున్న కొత్తది ఎన్నిసార్లు వేసినా లాభం లేదు. ఆర్‌లో ‘డాట్ లిబ్ పాత్స్’ అని అడిగితే ఈ వరుస తెలుస్తుంది. పాత ప్రతిని ఆ ఫోల్డర్ నుంచి తీసేస్తే పని అయిపోతుంది. అన్నీ సోర్స్ నుంచే మళ్లీ కట్టాలనుకుంటే ‘అప్‌డేట్ ప్యాకేజెస్’కు ‘చెక్ బిల్ట్’ నిజమని చెప్పాలి. అది చెప్పకపోతే పాత ఆర్ కింద కట్టినవాటిని కొత్త వెర్షన్ రాలేదు కదా అని వదిలేస్తుంది.

హోమ్‌లోని లైబ్రరీకి ఇంకో గుణం ఉంది. దాని ఫోల్డర్ పేరులోనే ఆర్ వెర్షన్ ఉంటుంది: 4.1 ఒకటి, 4.3 ఒకటి. ఉబుంటు 22.04లో ఆర్ 4.1.2, 24.04లో 4.3.3. మారిన రోజున ప్యాకేజీలన్నీ మాయమైనట్టు కనబడతాయి. అవి 4.1 ఫోల్డర్‌లో చెక్కు చెదరకుండా ఉంటాయి, కొత్త ఆర్ ఆ వైపు చూడదు, అంతే. ఆ ఫోల్డర్‌ను 4.3కు కాపీ చేసి తెలివైన పని చేశామనుకుంటే అసలుకే మోసం. లోడైనట్టే లోడై, బొమ్మ గీసేటప్పుడు ‘గ్రాఫిక్స్ ఏపీఐ వెర్షన్ మిస్‌మ్యాచ్’ అంటుంది. గ్రాఫిక్స్ ఇంజిన్ 4.1, 4.2, 4.3 వెర్షన్లలో వరసగా మారుతూ వచ్చింది. పేర్ల జాబితా మాత్రం తీసుకుని కొత్తగా వేసుకోవడమే దారి.

డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే ఆర్ పాతబడిపోతుందన్న ఫిర్యాదులో న్యాయం ఉంది. సాధారణంగా ఏటా ఏప్రిల్‌లో ఆర్ కొత్త వెర్షన్ వస్తుంది. డెబియన్ 12లో ఉన్నది 4.2.2, ఆ డిస్ట్రిబ్యూషన్ ఉన్నన్నాళ్లూ అదే. కొత్తది కావలసినవాళ్ల కోసం క్రాన్ సైట్‌లోనే డెబియన్‌కూ ఉబుంటుకూ వేరే రిపాజిటరీలు (ఆప్ట్ ప్యాకేజీలు తెచ్చుకునే నిల్వలు) ఉన్నాయి. వాటిని నడిపేదీ వాలంటీర్లే. ఏళ్ల తరబడి మద్దతుండే ఉబుంటు ఎల్‌టీఎస్ వెర్షన్లు వాడేవాళ్లకు 2022 నుంచి ఆర్2యూ అనే మరో దారి ఉంది. క్రాన్‌లోని దాదాపు అన్ని ప్యాకేజీలనూ డెబ్ ఫైళ్లుగా (ఆప్ట్ ఎక్కించే రూపం), సిస్టమ్ డిపెండెన్సీలతో సహా ఇస్తుంది. దీనికి తోడుగా ఇన్యాకి ఉకార్ రాసిన బీఎస్‌పీఎం అనే ఆర్ ప్యాకేజీ ఉంటే, ఆర్ లోపల ‘ఇన్‌స్టాల్ ప్యాకేజెస్’ అన్నా వెనకాల ఆప్టే పని చేస్తుంది. ఫెడోరా వైపు కూడా ఆయన ఇలాంటి రిపాజిటరీ నడుపుతున్నారు. ఆర్2యూ పెట్టుకునేటప్పుడు ఆప్ట్‌లో దాని ప్రాధాన్యాన్ని 700గా రాయడం మరచిపోకూడదు. రాయకపోతే ఒక్కోసారి ఉబుంటు ప్రతి గెలుస్తుంది, ఒక్కోసారి ఇది, ఏది ఎక్కడిదో చెప్పలేని కలగాపులగం తయారవుతుంది. పోసిట్ కంపెనీ ఇచ్చే లినక్స్ బైనరీలూ ఉన్నాయి. అవి కంపైల్ భారం తప్పిస్తాయి కానీ జీడాల్ లాంటి సిస్టమ్ లైబ్రరీలను సాధారణంగా వెంట తీసుకురావు, అవి విడిగా వేసుకోవాలి.

ఏది ఎంచుకున్నా ఒక మిషన్ మీద ఒకే దారి. ఉమ్మడి ల్యాబ్‌కు ఆప్ట్, అందులో ఉబుంటు సొంతది గానీ ఆర్2యూ గానీ. సుడోతో ఆర్ తెరిచి ప్యాకేజీలు వేయడం పూర్తిగా మానేయాలి. పైన చెప్పిన సమస్యల్లో చాలావరకు ఆ ఒక్క అలవాటు నుంచే వస్తాయి.

ఇంకో మామూలు ఇబ్బంది మెమరీ. బేసియన్ గణాంకాలకు వాడే స్టాన్ కుటుంబం ప్యాకేజీలు సీ ప్లస్ ప్లస్ టెంప్లేట్లతో నిండి ఉంటాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న మిషన్ మీద వాటిని కంపైల్ చేస్తే మధ్యలో ‘కిల్డ్’ అన్న ఒక్క మాటతో కంపైలర్ చచ్చిపోతుంది. అది కోడ్‌లో తప్పు కాదు, మెమరీ చాలక కెర్నల్ దాన్ని ఆపేసింది. ఒకేసారి ఒక్క పనే కంపైలయ్యేలా మేక్ సెట్టింగ్ తగ్గించి, నాలుగు జీబీ స్వాప్ (ర్యామ్‌కు తోడుగా డిస్క్‌లో చోటు) పెడితే నెమ్మదిగానైనా గట్టెక్కవచ్చు. బైనరీ ప్యాకేజీ వేసుకుంటే ఈ బాధే లేదు.

ఇంతవరకు చెప్పింది ఎక్కించుకోవడం గురించి. గణాంక సాఫ్ట్‌వేర్ విషయంలో వాలంటీర్ల పనికి దీనికంటే బరువైన భాగం మరొకటుంది: వచ్చిన సంఖ్య సరైనదేనా అన్నది. డెబియన్‌లో ఒక ప్యాకేజీ ఎన్నో రకాల ప్రాసెసర్ల మీద కంపైలవుతుంది. ప్రతిదానిమీదా దాని సొంత పరీక్షలు నడుస్తాయి. కంప్యూటర్ దశాంశ సంఖ్యలను మామూలుగా దాచే 64 బిట్ల డబుల్ రూపానికి ఉన్న సూక్ష్మత సుమారు 2.2×10⁻¹⁶. ఆర్ పరీక్షల్లో రెండు సంఖ్యలు ఒకటే అనుకోవడానికి సాధారణంగా ఒప్పుకునే తేడా సుమారు 1.5×10⁻⁸. ఆర్ కొన్ని మొత్తాలను లాంగ్ డబుల్ అనే మరో సంఖ్యారూపంలో కూడుతుంది. ఇంటెల్ మిషన్ మీద అది 80 బిట్లు, 64 బిట్ల ఆర్మ్ మీద 128, పాత 32 బిట్ల ఆర్మ్ మీద మామూలు 64. కాబట్టి అదే డేటా, అదే కోడ్, ఆర్మ్ ప్రాసెసర్ ఉండే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై మీద చివరి అంకెలు వేరుగా రావచ్చు. పద్ధతి నిలకడైనదైతే ఈ తేడా ఎనిమిదో దశాంశం దాకా పైకి రాదు. వచ్చి పరీక్ష విఫలమైతే, ప్యాకేజీ కట్టేవాళ్లు రచయితకు రాసి అడుగుతారు: ఇది ప్రాసెసర్ తేడానా, మీ పద్ధతిలో లోపమా? రెండోది నిజమైన సందర్భాలూ ఉంటాయి. పరీక్ష దాటని ప్యాకేజీ డెబియన్ టెస్టింగ్‌లోకి (తర్వాతి విడుదల తయారయ్యే చోటు) పోదు. కొత్త ప్రతి వల్ల దాని మీద ఆధారపడిన వేరే ప్యాకేజీ పరీక్ష చెడినా అక్కడే ఆగుతుంది. సొంతంగా సోర్స్ నుంచి కట్టుకున్నవారు మామూలుగా ఈ పరీక్షలేవీ నడపరు.

ఇదే కోవలోకి వచ్చేది బ్లాస్, అంటే మాత్రికల లెక్కలు చేసే లైబ్రరీ. డెబియన్, ఉబుంటుల్లో ఆర్ దాన్ని విడి లైబ్రరీగా వాడుకుంటుంది కాబట్టి ఆర్‌ను తాకకుండానే మార్చుకోవచ్చు. రిఫరెన్స్ బ్లాస్ బదులు ఓపెన్‌బ్లాస్ వేస్తే 2000×2000 మాత్రికల గుణకారం కొన్ని సెకన్ల నుంచి సెకనులో చిన్న భాగానికి దిగుతుంది. చిక్కు ఎక్కడంటే, ఓపెన్‌బ్లాస్ తనంతట తానే అన్ని కోర్లూ వాడుతుంది. దానిపైన ఆర్‌లో ఎనిమిది ప్రాసెస్‌లు సమాంతరంగా నడిపితే, ఎనిమిది కోర్ల మిషన్ మీద 64 త్రెడ్లు (ఏకకాలంలో సాగే పనులు) ఒకదాన్నొకటి తోసుకుంటాయి, పని అంతకుముందుకన్నా నెమ్మదిస్తుంది. అప్పుడు ఓపెన్‌బ్లాస్ త్రెడ్లను ఒకటికి తగ్గించాలి. బ్లాస్ మారితే ప్రిన్సిపల్ కాంపొనెంట్ల గుర్తులు కూడా తలకిందులు కావచ్చు: ఒక మిషన్‌లో ప్లస్, ఇంకోదానిలో మైనస్. గణితం ప్రకారం రెండూ ఒప్పే. థీసిస్‌లో ఒక పట్టిక ఇంట్లో, ఇంకోటి ల్యాబ్‌లో చేసినవారు మాత్రం దీన్ని ముందే తెలుసుకుని ఉండాలి.

తెలుగు వాడుకరులకు తగిలే ఒక సంగతి వేరే చోట పెద్దగా చెప్పరు. ‘మత్స్య సంపద’ అని శీర్షిక పెట్టి ఆర్ మామూలు పీడీఎఫ్ డివైస్‌లో (బొమ్మను ఫైలుగా రాసే భాగం) చార్టు తీస్తే అక్షరాల చోట చుక్కలు పడతాయి. ఆ డివైస్ అక్షరాలను లాటిన్ ఎన్‌కోడింగ్‌లోకి మార్చబోయి విఫలమవుతుంది. ‘కైరో పీడీఎఫ్’ డివైస్ వాడితే త కింద స, య ఒత్తులు రెండూ చక్కగా వాటి చోట్లలో కూర్చుంటాయి. కారణం, డెబియన్ వాళ్లు ఆర్‌ను పాంగో లైబ్రరీతో కలిపి కట్టారు, ఒత్తులను అమర్చే పని పాంగోది. సొంతంగా ఆర్ కంపైల్ చేసుకుంటూ పాంగో హెడర్లు వేయకపోతే ఈ సదుపాయం చెప్పాపెట్టకుండా పోతుంది. ఫాంటే లేకపోతే గడులు కనబడతాయి, అప్పుడు లోహిత్ తెలుగు ఫాంట్ ప్యాకేజీ వేసుకోవాలి.

మౌస్‌తో పని చేసుకునే సోషల్ సైన్స్ విద్యార్థులకు ఆర్ తప్పనిసరి కాదు. మెనూలతో నడిచే గణాంక సాఫ్ట్‌వేర్ పీఎస్‌పీపీ ఆప్ట్‌లోనే ఉంది, ఎస్‌పీఎస్‌ఎస్ సేవ్ ఫైళ్లు తెరుస్తుంది. అలాంటివే జాస్ప్, జమోవీ ఫ్లాట్‌ప్యాక్‌లుగా (మిగతా సిస్టమ్‌కు విడిగా నడిచే ప్యాకేజీలు) దొరుకుతాయి. ఫ్లాట్‌ప్యాక్ పెన్‌డ్రైవ్‌ను చూడలేకపోతే ఫైలు పాడైందనుకోకుండా అనుమతి ఇచ్చి చూడాలి.

నలభై మిషన్ల ల్యాబ్ నడిపేవాళ్లు ఒక మిషన్‌ను, ఒకసారి దిగిన ప్యాకేజీలను నిల్వ చేసి మిగతావాటికి అందించే ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీకి కేటాయిస్తే మంచిది. ఒక్కోదానికి 500 ఎంబీ దిగుమతి అనుకుంటే నలభైకి 20 జీబీ. ఇది ఉంటే బయటి నుంచి 500 ఎంబీ ఒక్కసారే వస్తుంది. మిగతా మిషన్లలో ఒక్క వరుస ప్రాక్సీ సెట్టింగ్ చాలు, పోర్ట్ 3142. రిపాజిటరీ హెచ్‌టీటీపీఎస్ అయితే అది నిల్వ చేయలేదు. చిరునామాను అది కోరే రూపంలో తిరగరాయాలి, లేకపోతే పెట్టీ పెట్టనట్టే. కరెంటు పోయి ఇన్‌స్టాల్ మధ్యలో ఆగితే ‘డీప్యాకేజ్ కాన్ఫిగర్ ఆల్’ నడిపాకే మిగతా పని సాగుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టాక ఈ నగరంలో కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. తుఫాను నెలలకు ముందే అవసరమైన డెబ్ ఫైళ్లను ‘డౌన్‌లోడ్ ఓన్లీ’తో దించి ఒక హార్డ్‌డిస్క్‌లో పెట్టుకోవడం ఈ ఊరి ల్యాబులకు అలవాటు కావాలి.

ఇక ఇందులో చేయి వేయాలనుకునేవారి సంగతి. కొత్త ప్యాకేజీ కట్టడంలో ఆలస్యమంతా కాపీరైట్ ఫైలు దగ్గరే. ప్రతి ఫైలు ఎవరిది, ఏ లైసెన్స్ అన్నది రాయాలి. ఆర్ ప్యాకేజీలో డేటా ఫైళ్లు బైనరీ రూపంలో ఉంటే అవి ఎక్కడి నుంచి వచ్చాయో, ఎలా తయారయ్యాయో రీడ్‌మీ-సోర్స్ ఫైలులో చెప్పాలి. కుదించిన జావాస్క్రిప్ట్ ఉంటే దాని అసలు సోర్స్ చూపాలి. ఇవి లేనివి కొత్త ప్యాకేజీల వరుసలోనుంచి వెనక్కి వస్తాయి. క్రాన్‌లోని వేల ప్యాకేజీలు డెబియన్‌లో చేరకపోవడానికి మనుషుల కొరతతోపాటు ఈ పట్టింపూ ఒక కారణం. ఈ పట్టింపును తప్పుపట్టడానికి లేదు. లైసెన్స్ తేలని డేటా మీద పాఠం చెప్పే టీచర్ రేపు ఇబ్బంది పడకుండా కాపాడేది అదే.

అయితే గణాంకశాస్త్రం చదివినవారు ప్యాకేజీ కట్టడం కన్నా ప్యాకేజీలకు పరీక్ష కోడ్ రాయడం ఎక్కువ మేలు. కోడ్ నడుస్తుందో లేదో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, జవాబు సరైనదో కాదో చెప్పగలిగేవాళ్లు తక్కువ. పేరొందిన డేటాకు చేత్తో తేల్చిన జవాబు, ఒప్పుకోదగిన తేడా, ఆ తేడాకు కారణం, ఈ మూడూ ఉన్న ఒక చిన్న పరీక్ష ఫైలు పంపితే అది ప్రతి కొత్త వెర్షన్ మీదా తిరిగి తిరిగి నడుస్తుంది. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గణితం చదువుకున్న వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉన్న ఊళ్లో ఈ పని చేయగల ఎమ్మెస్సీ విద్యార్థులకు కొదవ లేదు.

బగ్ రిపోర్ట్ కూడా సాయమే, సరైన గడపకు చేరితే. ఉబుంటులోని ‘ఆర్-క్రాన్’ ప్యాకేజీలు చాలావరకు డెబియన్ నుంచి మార్పు లేకుండా వచ్చినవే కాబట్టి, ప్యాకేజింగ్ లోపమైతే చివరకు సరిచేయాల్సింది డెబియన్‌లోనే. లెక్క తప్పయితే ప్యాకేజీ రచయితకు రాయాలి. సోర్స్ నుంచి సొంతంగా కట్టుకున్నది విఫలమైతే ఈ ఇద్దరిలో ఎవరికీ రాయకముందు డెవ్ ప్యాకేజీలు చూసుకోవాలి. రిపోర్ట్‌లో ‘సెషన్ ఇన్ఫో’ ఇచ్చిన మొత్తం పాఠం పెట్టాలి. ఆర్ వెర్షన్, ఏ బ్లాస్ ఫైలు వాడుతోంది, లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్) ఏమిటి అన్నీ అందులో ఉంటాయి. చాలామంది ‘నాన్-జీరో ఎగ్జిట్ స్టేటస్’ అన్న చివరి వరుస ఒక్కటే పంపుతారు. విఫలమైందన్న సంగతి తప్ప అందులో ఏమీ లేదు. స్క్రీన్‌ను పైకి జరుపుకుంటూ పోతే ‘ఎర్రర్’ అన్న మాట మొదటిసారి కనబడే వరుస ఒకటుంటుంది. పంపవలసింది ఆ వరుస, దానికి ముందున్న పది వరుసలు.